పగ్గమైన ఆటమీట

1898వ సంవత్సరమున న్యూయార్కు నగరములోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అను మందిరమునందు ఒక విద్యుత్ప్రదర్శనము జరిగెను. అచ్చట ఒక నీటితొట్టిలో చిన్న ఇనుప పడవ తేలుచుండెను. దానికి తెరచాప లేదు. తెడ్డు వేయువాడు లేడు. ఒడ్డునుండి దానికి కట్టిన త్రాడు గాని తీగ గాని లేదు. తొట్టికి ఎడముగా నిలిచిన నికోలా టెస్లా తన పెట్టెపైనున్న మీటను కదల్చగానే పడవ ముందునకు సాగెను. ఒక ప్రక్కకు తిరిగెను. ఆగి రెండవ ప్రక్కకు మళ్లెను. తన దీపములను వెలిగించి ఆర్పెను. చూపరులకు అది ఇంద్రజాలమువలె తోచెను.

దూరమునుండి వాహనమును రేడియోతో నడుపు విద్యకు అది తొలినాడు. నేడు పాఠశాల విద్యార్థియైనను వీడియో ఆటల కంట్రోలరును చేతబట్టి, తాను కూర్చిన బొమ్మకారును పెరటిలో పరుగెత్తింపగలడు. టెస్లా పెట్టెకును ఈ కంట్రోలరునకును నడుమ నూట ఇరువది యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్ర తిన్నని బాటలో నడచినది కాదు. వాహనముల కొరకు పుట్టిన మీట ఆటలలోనికి పోయెను. అచ్చట పెరిగి, నేర్పు గడించి, చవుకయై, మరల వాహనముల వద్దకు వచ్చెను. వచ్చునపుడు ఆటలలో మరగిన ఒక అలవాటును కూడ వెంట తెచ్చినది. ఆ అలవాటు ఏదియో తెలియనివాడు ఆ మీటతో బండిని నడుపుట క్షేమము కాదు.

ఒక్క సంకేతము, అనేక ఆజ్ఞలు

టెస్లా పడవలో నేటి రేడియోలలోని సున్నితమైన పరికరము లేవియు లేవు. తరంగము వచ్చినదని తెలిసికొనుటకు ఆనాడు లోహపుపొడి నింపిన చిన్న గొట్టమును వాడెడివారు. దానిని కొహీరరు అనిరి. మామూలుగా ఆ పొడిగుండ విద్యుత్తు సులభముగా ప్రవహింపదు. రేడియో తరంగము సోకినపుడు రేణువులు ఒకదాని నొకటి అంటుకొని దారి యిచ్చును. ఆ స్వల్ప ప్రవాహము రిలే అను విద్యుదయస్కాంతపు మీటను లాగును. రిలే గడియారమువంటి యంత్రమును విడుదల చేయగా, దానిలోని చక్రము ఒక్క మెట్టు తిరుగును. పిమ్మట గొట్టము తలక్రిందులై, పొడి విడివడి, తరువాతి తరంగమునకు సిద్ధమగును.

ఇట్టి యంత్రము “వచ్చినది”, “రాలేదు” అను రెండు మాటలే ఎరుగును. కావున ఆజ్ఞలను మెట్లవరుసలో కూర్చవలసి వచ్చెను. మొదటి సంకేతమునకు చుక్కాని ఒక ప్రక్కకు తిరుగును. తరువాతి దానికి ఆగును. ఆపై దానికి రెండవ ప్రక్కకు తిరుగును. ఈ పద్ధతికి టెస్లా 1898 జూలై 1వ తేదీన పేటెంటు కోరగా, నవంబరు 8వ తేదీన 613,809 సంఖ్యగల అమెరికా పేటెంటు లభించెను. ఆ పేటెంటు పేరులోనే నౌకలతోపాటు వాహనములును పేర్కొనబడినవి.

స్పెయిను దేశీయుడగు ఇంజనీరు లియొనార్డో టోరెస్ కెవేడో ఇదే సమస్యను మరియొక విధముగా సాధించెను. ఆయన 1903లో ప్యారిస్ విజ్ఞాన పరిషత్తునకు “టెలికినో” అను యంత్రమును నివేదించెను. అందులో వరుసగా వచ్చు సంకేతముల సంఖ్యను బట్టి ఆజ్ఞ నిర్ణయమగును. ఇన్ని సంకేతములకు మోటారు, ఇన్నిటికి చుక్కాని అని ముందుగనే ఏర్పాటు. 1904లో ఆయన మూడు చక్రముల విద్యుద్వాహనముపై దానిని పరీక్షించెను. నేలపై నడచిన ఆ బండి 20, 30 మీటర్ల దూరమువరకే మాట వినెను. 1906 సెప్టెంబరు 25వ తేదీన బిల్బావో రేవులో స్పెయిను రాజు పదుమూడవ ఆల్ఫాన్సో సమక్షమున ఒక పడవను ఒడ్డునుండి నడిపి చూపెను.

మెట్లచక్రముతో పనిచేయు యంత్రములలో ఒక లోపము గర్భితమై యున్నది. సంకేతము దారిలో నశించినచో చక్రము కడపటి మెట్టుపైననే నిలిచియుండును. చుక్కాని ఎటు తిరిగియున్నదో అటులనే యుండును. మౌనమునకు ఆ యంత్రమున అర్థము లేదు. ఈ సంగతి తరువాత చాల పెద్దదగును.

మెట్టునుండి కొలతకు

నమూనా విమానములను రేడియోతో నడుపుట 1930వ దశాబ్దమున సాధ్యమాయెను. అమెరికాలోని కలమజూ పట్టణమునకు చెందిన వాల్టరు గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు 1937లో “గఫ్” అను తమ నమూనా విమానమును రేడియో అదుపులో ఎగురవేసిరి. ఆ విమానము నేడు స్మిత్‌సోనియన్ సంస్థవారి విమాన వస్తుసంగ్రహమున కలదు.

పిమ్మట ఔత్సాహికులలో వ్యాపించిన పద్ధతి మిక్కిలి పొదుపైనది. మెలిపెట్టిన రబ్బరు పట్టీ ఒక పండ్లచక్రమును త్రిప్పజూచుచుండును. విద్యుదయస్కాంతమొకటి దానిని పట్టి యుంచును. మీట నొక్కినప్పుడెల్ల ఒక పన్ను విడివడును. ఒకమారు నొక్కి పట్టినచో చుక్కాని కుడికి, రెండవమారు నొక్కి పట్టినచో ఎడమకు తిరుగును. వ్రేలు తీసినచో మధ్యకు వచ్చును. టెస్లా పడవలో లేని గుణ మొకటి ఇందు కానవచ్చును. ఇచ్చట మౌనమునకు అర్థ మేర్పడినది: సంకేతము లేనిచో తిన్నగా పొమ్ము. అయినను ఎంత తిరుగవలెనో చెప్పుటకు వీలులేదు. చుక్కాని పూర్తిగా తిరుగును, లేదా అసలే తిరుగదు.

“ఎంత” అను మాటను చేతితో చెప్పగల మీట విమానములలో అప్పటికే కలదు. విమానచోదకుని మోకాళ్ల నడుమనుండు కొయ్యకు ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలోనే జాయ్‌స్టిక్ అని పేరు వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధమున జర్మనులు దానిని రేడియోకు జతచేసిరి. విమానమునుండి విడిచిన “ఫ్రిట్జ్ ఎక్స్” బాంబు తోకయందు వెలుగు మండుచుండగా, పైనున్న సైనికుడు ఆ వెలుగును చూచుచు చిన్న జాయ్‌స్టిక్‌తో దానిని లక్ష్యమునకు మళ్లించెడివాడు. 1943 సెప్టెంబరు 9వ తేదీన ఇటలీ యుద్ధనౌక “రోమా” ఇట్టి బాంబులకే మునిగెను.

శత్రువు అదే పౌనఃపున్యముపై రొద పంపినచో రేడియో అదుపు తప్పును. ఇందుకు విరుగుడుగా చలనచిత్ర నటి హెడీ లమార్, సంగీతకర్త జార్జి యాంథీల్ కలసి ఒక ఉపాయము నాలోచించి, 1942 ఆగస్టు 11న పేటెంటు పొందిరి. ప్రసారిణియు గ్రాహకమును ఒకే క్రమమున ఒక పౌనఃపున్యమునుండి మరియొకదానికి గెంతుచుండవలెను. ఆ క్రమమును తమంతట వాయించుకొను పియానోలలోని చిల్లుల కాగితపు చుట్టవంటి దానితో సాధింపవచ్చునని వారు చూపిరి. టార్పెడోల కొరకు తలచిన ఆ ఉపాయము ఆ యుద్ధమున వాడుకలోనికి రాలేదు. కాని గెంతుచు మాటాడు ఆ సూత్రమే నేటి బ్లూటూత్ కంట్రోలర్లలో కానవచ్చుచున్నది. బ్లూటూత్ తొలిరూపమున 79 మార్గముల నడుమ సెకనుకు 1600 మార్లు గెంతుట జరుగును.

1960వ దశాబ్దమున నమూనాల రేడియోకు “ఎంత” అని చెప్పు శక్తి స్థిరముగా సిద్ధించెను. మీట ఎంత వంగినదో అంత కొలతను పంపు పద్ధతి అది. ఆ కొలతను కాలముతో తెలుపుదురు. సెకనుకు సుమారు 50 మార్లు ఒక విద్యుత్ స్పందము పోవును. దాని నిడివి ఒక మిల్లీసెకను అయినచో ఒక కొస, రెండు మిల్లీసెకనులయినచో రెండవ కొస, ఒకటిన్నర అయినచో మధ్య. వాహనములో సర్వో అను చిన్న మోటారు ఆ నిడివిని అందుకొని, తన ఇరుసునకు తగిలించిన పొటెన్షియోమీటరు చెప్పు స్థానముతో పోల్చి, రెండును సరిపోవువరకు తిరుగును. రెండు బొటనవ్రేళ్ల క్రింద రెండు మీటలుగల రేడియోపెట్టె నాటినుండి నమూనాకారుల చేతిలో స్థిరపడెను.

రైలుబొమ్మల గదిలో పుట్టిన ఆటపెట్టె

ఇదే కాలమున మరియొకచోట మీట ఆటలలోనికి అడుగుపెట్టెను. 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు పీడీపీ-1 అను కంప్యూటరుపై “స్పేస్‌వార్” అను ఆటను రచించిరి. తెరపై రెండు వ్యోమనౌకలు ఒకదానిపై నొకటి టార్పెడోలను విడుచును. తొలుత ఆటగాండ్రు కంప్యూటరు ముఖఫలకముపైనున్న స్విచ్చులనే త్రిప్పుచుండిరి. మోచేతులు నొప్పిపెట్టెడివి, ఒకనికి తెర చేరువ, రెండవవానికి దూరము, పొరపాటున ఇతర స్విచ్చులపై చేయి పడుచుండెను.

అలన్ కోటాక్, బాబ్ సాండర్స్ అను విద్యార్థులు దీనికి విరుగుడు కనుగొనిరి. ఆ విద్యాసంస్థలో 1946నుండి రైలుబొమ్మల సంఘమొకటి కలదు. దాని పేరు టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్. ఆ గదిలో కుప్పగానున్న స్విచ్చులు, తీగలు, చెక్కలు, బేకలైటు ముక్కలు ఏరి, వారు రెండు చేతిపెట్టెలను కూర్చిరి. ఒక మీట నౌకను త్రిప్పును. మరియొకటి ముందునకు త్రోయును. ఒక బొత్తాము టార్పెడోను విడుచును. ఆ బొత్తాము చప్పుడు కారాదని కూడ వారు జాగ్రత్తపడిరి. చప్పుడైనచో ఎదుటివాడు పసిగట్టును గదా.

వీడియో ఆటల చేతిమీటలకు ఆద్యములైనవానిలో ఒకటి ఈ పెట్టె. దాని అంగములు రైలుబొమ్మలను నడుపువారి పరికరములు. నమూనా వాహనములకును వీడియో ఆటలకును నేటికిని నిలిచియున్న చుట్టరికము ఆ గదిలోనే మొదలాయెనని చెప్పవచ్చును.

బొటనవ్రేళ్ల క్రింది పుల్లలు

ఇంటింటికి వచ్చిన ఆటపెట్టెలలో తొలిదినముల మీటలు టెస్లా యంత్రమువలె మితభాషులు. 1977లో అమెరికాలో వెలువడిన అటారీ ఆటయంత్రపు జాయ్‌స్టిక్‌లో మీట క్రింద నాలుగు స్విచ్చులే యున్నవి. మీట ఎటు వంగినదో అవి చెప్పును. ఎంత వంగినదో చెప్పలేవు. జపానులో నింటెండో సంస్థయందు పనిచేసిన గుంపె యొకొయ్ కూడిక గుర్తువంటి బొత్తామును రూపొందింపగా, 1982లో “డాంకీ కాంగ్” చేతియాటలో అది వెలువడెను. మరుసటి యేడు అదే సంస్థవారి ఆటయంత్రపు కంట్రోలరునకు ఎక్కెను. అదియు దిక్కునే చెప్పును.

తెరపై లోతుగల లోకములు వచ్చిన పిదప దిక్కు చాలలేదు. మెల్లగా నడచుటకును పరుగెత్తుటకును భేదము కావలసివచ్చెను. 1996లో నింటెండో 64 యంత్రమునకు బొటనవ్రేలితో వంచు పుల్ల వచ్చెను. 1997లో సోనీ సంస్థ ప్లేస్టేషనుకొరకు రెండు పుల్లలుగల కంట్రోలర్లను వెలువరించెను. ఒక్కొక్క పుల్ల క్రింద రెండేసి పొటెన్షియోమీటర్లు: ఒకటి అడ్డమునకు, ఒకటి నిలువునకు. మూడు దశాబ్దములకు పూర్వము నమూనా విమానముల రేడియోపెట్టె ఏ రూపమునకు చేరెనో, ఆటల కంట్రోలరు కూడ తన దారిన వచ్చి ఆ రూపమునకే చేరినది.

ఒక భేదము మాత్ర మున్నది. రేడియోపెట్టెలు వేలలో తయారగునవి. ఆటల కంట్రోలర్లు కోట్లలో తయారగునవి. కావున చేతికి ఇమిడి, పలుమార్లు క్రిందపడినను పనిచేయు వస్తువు స్వల్పమగు వెలకే దొరకుచున్నది. అది ఔత్సాహికుల కంట పడకుండునా?

మీటకును బండికిని దుబాసి

ఆటల కంట్రోలరు మాట వేరు, సర్వో మాట వేరు. కంట్రోలరు పుల్ల స్థానమును సంఖ్యగా చెప్పును. ప్లేస్టేషను కంట్రోలరులో ఒక కొస 0, రెండవ కొస 255, మధ్య 128. సర్వో స్పందపు నిడివిని మాత్రమే ఎరుగును. ఈ యిద్దరి నడుమ ఒక దుబాసి కావలెను.

దుబాసి ముందుగా కంట్రోలరు భాష నేర్వవలెను. పాత కంట్రోలర్ల తీగలపై పోవు సంకేతములను ఓపికతో పరికించి, ఏ సంకేతము ఏ బొత్తామునకు చెందునో ఔత్సాహికులు గుర్తించిరి. 1996లో యూఎస్‌బీ ప్రమాణము వెలువడిన పిదప పని తేలికయాయెను. ఆ పద్ధతిని అనుసరించు చేతిపరికరము తనకెన్ని పుల్లలు, ఎన్ని బొత్తాములు కలవో కంప్యూటరునకు తానే విన్నవించుకొనగలదు. 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణమున ఆర్డుయినో అను చిన్న కంప్యూటరు పలక పుట్టుటతో, దుబాసికి అరచేతి యంత ఇల్లు దొరకెను.

దుబాసి చేయు లెక్క పాఠశాల లెక్కయే. వచ్చిన సంఖ్యను 1000తో హెచ్చించి, 255తో భాగించి, దానికి 1000 కలిపినచో స్పందపు నిడివి మైక్రోసెకనులలో వచ్చును. 0కు 1000, 255కు 2000, 128కి సుమారు 1500. చక్రములు తిరుగక, ఎడమ కుడి మోటార్ల వేగభేదముతో మళ్లు బండికి మరియొక లెక్క కలదు. ముందునకు ఎంత, ప్రక్కకు ఎంత అను రెండు సంఖ్యల మొత్తమును ఒకవైపునకు, భేదమును రెండవవైపునకు ఇయ్యవలెను. ముందునకు 60, కుడికి 20 అయినచో ఎడమ చక్రములకు 80, కుడి చక్రములకు 40 పోవును. బండి కుడికి మళ్లును.

గాలిలో పోవు మాటకు చోటు కూడ కావలెను. పూర్వపు నమూనా రేడియోలలో ఇరువురు ఒకే పౌనఃపున్యముపై మీట కదల్చినచో రెండు విమానములును నేలకూలుట కద్దు. అందుచేత మైదానమున ఎవరు ఏ పౌనఃపున్యమును వాడుచున్నారో గురుతులు తగిలించు పలక యొకటి ఉండెడిది. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమున గెంతుచు, లేదా విస్తరించుచు మాటాడు రేడియోలు వచ్చిన పిదప ఆ చిక్కు చాలవరకు తీరెను. మన దేశమున ఆ ప్రాంతములోని అల్పశక్తి పరికరములకు 2005లో లైసెన్సు మినహాయింపు లభించెను. బ్లూటూత్ కంట్రోలర్లు మాటాడునది ఆ ప్రాంతముననే.

విరామము లేని ఆట

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఆటలలో పెరిగిన మీట తెచ్చిన అలవాటు ఇచ్చటనే బయటపడును.

కంట్రోలరు పుల్లలు వాడుకచే అరుగును. వ్రేలు తీసినను అవి సరిగా 128వద్ద నిలువక 131 అనియో 124 అనియో చెప్పును. ఆటలో బొమ్మమనిషి ఒక్క అడుగు జరిగిన నష్టమేమి? బండి మాత్రము మెట్లవైపునకు మెల్లగా ప్రాకును. అందుచేత మధ్యకు ఇరుప్రక్కల కొన్ని సంఖ్యలను దుబాసి పాటింపకుండుట ఆచారము. మరియొకటి: నమూనా విమానపు రేడియోపెట్టెలో ఇంజను వేగపు మీట ఎక్కడ విడిచిన అక్కడనే నిలుచును. ఆటల పుల్ల స్ప్రింగుచే మధ్యకు వచ్చును. నేలబండికి అది మేలు. వ్రేలు తీసినచో బండి నిలుచును. విమానమునకు అది కీడు; వ్రేలు జారినంతనే దాని శక్తి సగమునకు మారిపోవును.

వీనికన్న పెద్దది మౌనపు సమస్య. ఆట నడుమ కంట్రోలరు బ్యాటరీ అయిపోయినచో సాధారణముగా ఆట ఆగి, కంట్రోలరును మరల కలుపుమని తెరపై వ్రాత వచ్చును. శత్రువులు కత్తులెత్తి అట్లే నిలుచుందురు. ఆటగాడు బ్యాటరీ మార్చుకొని వచ్చును. ఆటలో కాలము ఆటగాని సొత్తు. బండికి ఆ సదుపాయము లేదు. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవు బొమ్మకారు సెకనుకు 10 మీటర్లు కదలును. మూడు సెకనుల మౌనమన 30 మీటర్ల గ్రుడ్డిపరుగు.

చంద్రునిపై బండి నడిపినవారు ఈ సత్యమును మరియొక రూపమున ఎదుర్కొనిరి. 1970 నవంబరు 17న సోవియట్ యూనియన్ చంద్రునిపై దింపిన లూనోఖోద్-1 అను ఎనిమిది చక్రముల బండిని క్రిమియానుండి ఐదుగురు జట్టుగా నడిపిరి. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్నాడు. ఆజ్ఞ పోవుటకు, ఫలితము వచ్చుటకు కాంతివేగముననే రెండున్నర సెకనులకు పైగా పట్టును. ఆపైన చిత్రములు మెల్లగా వచ్చుచుండెను. చోదకుడు చూచునది ఎప్పుడును గడచినదే. అందుచేత వారు ఆగి, చూచి, ఆలోచించి కదలిరి. ఆ విధముగా ఆ బండి పదిన్నర కిలోమీటర్లు నడచెను.

పెరటి బండికి దూరము స్వల్పము. కాని మధ్యవర్తులు ఎక్కువ. కంట్రోలరు నుండి కంప్యూటరునకు, కంప్యూటరు నుండి ప్రసారిణికి, ప్రసారిణి నుండి గ్రాహకమునకు, గ్రాహకము నుండి మోటారునకు మాట చేతులు మారును. క్రొత్తవారు తరచుగా చేయు పొరపాటు ఈ గొలుసులోనే దాగియున్నది. కంట్రోలరు మూగవోయినను దుబాసికి ఆ సంగతి తెలియదు. కడపట విన్న సంఖ్యను సెకనుకు 50 మార్లు శ్రద్ధగా పంపుచునే యుండును. గ్రాహకమునకు రేడియో చక్కగా వినిపించుచున్నందున ప్రమాదమేదియు తోచదు. యజమాని పలుకుట మానిన పిదప కూడ దుబాసి పాత పలుకునే వల్లించుచుండును. బండి నిండు వేగముతో గోడకు తగులును. అన్ని అంగములును సరిగా పనిచేయుచుండగనే ప్రమాదము జరుగును.

దీనికి విరుగుడు రెండు కాపలాలు. దుబాసి కంట్రోలరును కాయవలెను. బండి దుబాసిని కాయవలెను. పావు సెకనులో క్రొత్తమాట రాకున్నచో దుబాసి మోటారునకు సున్న పంపవలెను. దుబాసియే పలుకకున్నచో బండి తనంతట నిలువవలెను. సంబంధము మరల కుదిరినను పుల్ల మధ్యకు వచ్చెనని చూచువరకు బండి కదలరాదు. గంటకు 36 కిలోమీటర్ల లెక్కన పావు సెకనన రెండున్నర మీటర్లు. బ్రేకు పడుటకు కావలసిన దూరమును దానికి కలుపుకొని, బండి నడుపు స్థలమును ఎన్నుకొనవలెను.

పెద్ద వాహనములు

ఆటల కంట్రోలరు పెరటిలోనే ఆగిపోలేదు. బాంబులను వెదకి తీయు ప్యాక్‌బాట్ వంటి యంత్రశకటములకు ఆటల కంట్రోలరును పోలిన చేతిపరికరములను అమర్చిరి. బాల్యమునుండి ఆ మీటకు అలవడిన యువసైనికులకు వేరుగా నేర్పవలసినది స్వల్పమాయెను. 2018 మార్చి 17న అమెరికా నౌకాదళమున చేరిన “కొలరాడో” జలాంతర్గామిలో నీటిపైని దృశ్యములను చూపు స్తంభమును త్రిప్పుటకు ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలరును పెట్టిరి. అంతకుముందు వాడిన చేతిమీట వ్యవస్థ వెల సుమారు 38,000 డాలర్లు; ఈ కంట్రోలరు వెల సుమారు 30 డాలర్లు.

2023 జూన్ 18న మరియొక వార్త లోకమును కలచివేసెను. అట్లాంటిక్ సముద్రగర్భమున టైటానిక్ శిథిలములను చూడబోయిన టైటాన్ అను చిన్న జలాంతర వాహనము నశించి, అందలి ఐదుగురును మరణించిరి. ఆ వాహనమును నడుపుటకు లాజిటెక్ ఎఫ్710 అను ఆటల కంట్రోలరును కొంత మార్చి వాడుచుండిరి. ఆ చిత్రము బయటకు రాగానే బొమ్మమీటతో సముద్రములోనికి పోయిరా అని పలువురు ఈసడించిరి. కాని ఆ ఐదుగురి ప్రాణములు తీసినది మీట కాదు. కార్బను నారతో చేసిన వాహనపు గోడ సముద్రపు ఒత్తిడికి లోనికి క్రుంగి బ్రద్దలాయెను. వాహన నిర్మాణము, ధ్రువీకరణము, సంరక్షణ తగినట్లు లేకుండుటయే కారణమని అమెరికా తీరరక్షక దళపు విచారణ 2025లో తేల్చెను.

ఈ రెండు ఉదాహరణములును ఒకే పాఠము చెప్పుచున్నవి. మీట వెలను బట్టి గాని, అది పుట్టిన చోటును బట్టి గాని వాహనపు క్షేమమును ఎంచరాదు. ముప్పది డాలర్ల మీట యుద్ధనౌకలో చక్కగా పనిచేయును. ఎంత గొప్ప మీటయైనను బలహీనమగు గోడను కాపాడలేదు. మీటనుండి చక్రమువరకు గల గొలుసులో ఏ కొక్కెము తెగిన ఏమగునో ముందుగా యోచించుటయే నిర్మాత పని.

మన పల్లెలలో బండివాడు పగ్గము జారవిడిచి కునికిపాట్లు పడినను, ఎద్దులు త్రోవ ఎరిగి ఇల్లు చేర్చెడివి. పగ్గమునకు ఆవలి కొసన మరియొక ప్రాణి, దానికొక తెలివి యుండెను. యంత్రపు బండికి ఆ తెలివి స్వతస్సిద్ధము కాదు. కూర్చువాడే దానికి నేర్పవలెను. అనుభవముగల ఔత్సాహికులు అందుకొక చిన్న పరీక్ష చేయుదురు. క్రొత్త బండిని మొదటిసారి నేలపై విడువరు. చక్రములు గాలిలో నుండునట్లు రెండు ఇటుకలపై నిలిపి, పుల్లను పూర్తిగా ముందునకు త్రోసి, చక్రములు జోరుగా తిరుగుచుండగా కంట్రోలరు బ్యాటరీని ఊడదీయుదురు. చక్రములు నిలిచినచో బండి వీధిలోనికి వచ్చుటకు అర్హమైనది. నిలువనిచో మరల బల్లపైకి పోవలసినదే.